వాకిట్లో రాయి, నెత్తిమీద రైలు

ఖేడ్ నుంచి పటాన్‌చెరు పోవడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, నేను ఆగుతాను. కాశీకి పోయినవాళ్ళు వచ్చి గంగ ఎంత వెడల్పో చెప్తారు, వినేవాళ్ళకు గంగ కనిపిస్తుంది. నేను పోయివచ్చిన సంగతి నాకే సగం అర్థం కాలేదు. అయినా విన్నది విన్నట్టు చెప్పడం నాకు చేతనవును కాబట్టి మొదలుపెడుతున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ చెవిలో పడిన మాట నా దగ్గరనుంచి ఎక్కడికీ పోదు. మా నారాయణఖేడ్ దిక్కు ఇళ్ళల్లో పెళ్ళి మాటలు నడిచినా, గట్టు పంచాయితీ జరిగినా, ఇంటి తరఫున ఒకరిని ఊరికే వినడానికి కూర్చోబెడతారు. ఆ మనిషి నోరు విప్పకూడదు. ఇంటికొచ్చాక ఎవరు ఏమన్నారో, ఏ మాట దగ్గర దగ్గారో, ఎక్కడ నవ్వి మాట మార్చారో వరసగా చెప్పాలి. కలపకూడదు, తీయకూడదు. మా ఇళ్ళల్లో ఆ పని నాది.

అందుకే మా చెల్లె బాలమణి ఫోన్ చేసింది. దానికి పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన జొన్నరొట్టెల షాపు ఉంది.

"అక్కా, మా షాపు ముంగట రాయి పాతిండ్రే. మెట్రో రైలు వస్తదట. స్టేషన్ మెట్లు సక్కగ మా రేకుల మీదనే దిగుతయట. ఎనక గల్లీల సేటు ఒక రూము ఇస్తనంటుండు. ఆదివారం దాక చెప్పకుంటే బిర్యానీ హోటల్ ఆయనకు ఇచ్చేస్తడట. ఉండాలెనో పోవాలెనో సమజైతలేదు. గురువారం మీటింగు పెట్టిండ్రు. నేను పెనం ఇడిసి ఎట్ల పోతనే? నువ్వొచ్చి ఇను."

"మీ ఆయన లేడా?"

"మీ మరిది ఇంటడా? మీటింగుల నిద్రపోతడు."

సంగతి అదీ. రోడ్డు మీద షాపు పోతుందంటే ఇప్పుడే గల్లీలోకి పోవాలి. పోకుండా ఉండి, షాపు నిజంగానే పోతే రెండూ ఉండవు. గల్లీలోకి పోయాక రైలు రాకపోతే చేతిలో ఉన్న గిరాకిని చేతులారా పారబోసుకున్నట్టు. మెట్రో వస్తుందో రాదో, వస్తే ఎక్కడ దిగుతుందో విని రావడానికి నేను బయల్దేరాను.

బుధవారం, ఖేడ్ బస్టాండు

ఆడవాళ్ళకు బస్సులో డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నేను దర్జాగా కిటికీ పక్కన కూర్చుని కార్డు తీసి ఇచ్చాను. కండక్టరమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"పెద్దమ్మా, దీని మీద యాదయ్య అని ఉంది."

"మా ఆయన పేరే గది."

"మీసాలు గూడ ఉన్నయి. మీసాలున్నోళ్ళకు ఫ్రీ లేదే."

బస్సంతా నవ్వింది. చీకట్లో అల్మారాలోంచి తీసుకునేటప్పుడు నా కార్డు బదులు ఆయనది చేతికొచ్చింది. పైసలు పెట్టి టికెట్టు తీసుకున్నాను. నవ్వినవాళ్ళలో నా పక్కన కూర్చున్న బోరంచ ముసలాయన కూడా ఉన్నాడు. కళ్ళు చూపించుకోవడానికి సంగారెడ్డి దవాఖానకు పోతున్నాడట. పేరు మల్లయ్య. ఎందుకు పోతున్నావు బిడ్డా అని అడిగితే చెప్పాను.

"మెట్రో అంటే?"

"స్తంభాల మీద పోయే రైలు తాతా. నెత్తిమీద పోతది."

ముసలాయన కిటికీలోంచి బయటికి చూశాడు. కంది చేలు, పత్తి చేలు, ఎర్ర నేల.

"మనకు కిందనే పట్టాలు లేవు. రైలు చూడాలంటే జహీరాబాద్ పోవాలె. వాళ్ళకు కింద ఉన్నయి సాలక మీదగూడ గావాలెనా?"

"వాళ్ళకు జనం ఎక్కువ తాతా."

"జనం ఎట్ల ఎక్కువైండ్రు? ఈడ బస్సెక్కి పోయే ఎక్కువైండ్రు," అన్నాడు. ఆ మాటను కూడా మూట కట్టుకున్నాను.

జోగిపేటలో బస్సు ఆగింది. వేడి మిర్చిబజ్జీ తిన్నాం. మా ఖేడ్‌లో బజ్జీలో వాము, చింతపండు గుజ్జు కూరతారు, ఇక్కడ ఏమీ కూరరు. మిరపకాయ మిరపకాయగానే ఉంటుంది. మల్లయ్య తాత ఒక ముక్క కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇగ డాక్టర్ దగ్గరికి పోయే పనిలేదు, కండ్లు సాఫైనయి," అన్నాడు.

రొట్టెల షాపు

పటాన్‌చెరులో దిగగానే ముందు వాసన వస్తుంది. ఒక మూల మందుల ఫ్యాక్టరీది, ఒక మూల డీజిలుది, వాటి మధ్యలోంచి దారి చేసుకుంటూ కాలిన జొన్నపిండి వాసన. కళ్ళు మూసుకున్నా చెల్లె షాపుకు చేరతాను.

నాలుగు ఇనుప గొట్టాలు, పైన రేకులు, రెండు బెంచీలు. బాలమణి పెనం ముందు పీట మీద కూర్చుని రెండు చేతుల మధ్య రొట్టె కొడుతుంటుంది. టప టప టప. ఒక్కో రొట్టె ఇరవై రూపాయలు, పప్పు, ఎల్లిపాయ కారం ఉచితం. మా అమ్మ వింటే నమ్మేది కాదు. మా దిక్కు ఆకలని వచ్చినవాడికి రొట్టె పెడతారుగానీ అమ్మడం ఏమిటి? ఇక్కడ అమ్మకపోతేనే వింత. తినేవాళ్ళలో ఒరిస్సా కూలీలు, బీహార్ పిల్లలు, బీదర్ లారీ డ్రైవర్లు. ఒకాయన లారీలోంచే "ఎష్టు అక్కా?" అని అరిచాడు. బాలమణి తల ఎత్తకుండానే "ఇప్పత్తు!" అంది. సరిహద్దు పిల్లలం, కన్నడంలో బేరం చేయడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

నా మరిది రాములు ఆటో నడుపుతాడు. నన్ను చూడగానే, "వచ్చినవా వదినె? మెట్రో రాదు. నువ్వు రొట్టె తిని పో," అన్నాడు. మెట్రో వస్తే ఆటో ఎవరూ ఎక్కరని అతని భయం. అందుకని రాదని నమ్ముతున్నాడు.

పక్కన చాయ్ హోటల్ యాకూబ్ భాయ్ ది. అతను వస్తుందని నమ్ముతున్నాడు. "అక్కా, ఒక్కొక్క రైలుకు ఎంత మంది దిగుతరో ఎరికేనా? దిగినోడు దిగినట్టు చాయ్ తాగుతడు. సీదా నా హోటల్లకే!" అని నాకు ఒక చాయ్ ఇచ్చాడు. ఖేడ్‌లో పది రూపాయలకు గ్లాసు నిండా వస్తుంది. అతని దగ్గర పదిహేనుకు కాగితం కప్పులో రెండు గుటకలు. రెండో గుటక వెతుక్కోవాలి.

రాయిని చూశాను. షాపు ముందు, సరిగ్గా నడిచేచోట, మోకాలంత ఎత్తున పాతారు. తెల్లసున్నం, దాని మీద ఎర్రరంగుతో ఏవో అంకెలు.

గురువారం పొద్దున

లేచాను, షాపు వాకిలి ఊడ్చాను, నీళ్ళు చల్లాను, ముగ్గు వేశాను. ఎక్కడున్నా చేసే పనే. ముగ్గు వేస్తుంటే రాయి అడ్డం వచ్చింది. చుట్టూ ముగ్గు తిప్పి, మధ్యలో రాయిని బోడిగా వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. మా ఊళ్ళో నిలబెట్టిన రాయి ఏదైనా సరే, పొలం హద్దయినా, బొడ్రాయి అయినా, ఇంత పసుపు పడకుండా ఉండదు. ఇంటి ముందుకొచ్చి నిలబడిన దాన్ని పలకరించకుండా పక్కనుంచి పోతామా? కడిగాను. నిండా పసుపు రాశాను. మూడు కుంకుమ బొట్లు పెట్టాను. చేతులు కడుక్కుని మీటింగుకు పోయాను. అంతే నేను చేసింది.

ఫంక్షన్ హాలు

కాలనీ సంఘంవాళ్ళు ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్ళికి వేసిన పూల స్తంభాలు ఇంకా తీయలేదు. పెళ్ళికొడుకు కూర్చునే కుర్చీలో ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. చిన్నమ్మాయే, మంచి మాట. తెర మీద పటం వేసింది. పటం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు. అవి ఇప్పుడున్న రైళ్ళు. వాటి చివర చుక్కలు చుక్కలుగా ఉన్నవి రాబోయేవి. మేము చుక్కల్లో ఉన్నాం.

నేను చెవులు తెరిచి కూర్చున్నాను. ఆమె చెప్పింది ఇది: "డీపీఆర్ తయారైంది. రాష్ట్రం నుంచి ఆమోదం ఉంది. కేంద్రం నుంచి రావాలి. ఖర్చులో ఒక భాగం రాష్ట్రం, ఒక భాగం కేంద్రం, మిగతాది బయటి బ్యాంకుల లోను. కేంద్రం ఒప్పుకుని గ్యారంటీ ఇస్తేనే లోను వస్తుంది. అలైన్‌మెంట్, అంటే లైను పోయే దారి, ప్రస్తుతానికి ఇది. ఫైనల్ కాదు."

పక్కన ఒక రిటైరైన పెద్దసారు కూర్చున్నాడు. డీపీఆర్ అంటే ఏంది సార్ అని మెల్లగా అడిగాను.

"కట్టే ముందే ఎంత, ఎక్కడ, ఎట్ల అని మొత్తం రాసుకునే రిపోర్టమ్మా."

"లగ్నపత్రిక లెక్కనా?"

"అచ్చం గదే. కాకపోతే పత్రిక రాసిండ్రు, పిల్లదిక్కోళ్ళు ఇంకా ఊ అనలే."

"మరి లోను ఎవరు కడతరు?"

"మనమే. నువ్వు కొనే సబ్బుబిళ్ళల గూడ పన్ను ఉంటది కద."

"మా ఖేడ్‌ల రైలే లేదు సార్. నేను గూడ కడతనా?"

పెద్దసారు నవ్వాడు. నవ్వును కూడా నేను గుర్తుపెట్టుకున్నాను, అదీ చెప్పాల్సినదే కనుక.

బోరంచ నల్లపోచమ్మ జాతరకు మా వాడలో ప్రతి ఇంటికీ చందా పట్టీ వేస్తారు. వేసిననాడే బియ్యం ఉన్నవాడు బియ్యం, మేక ఉన్నవాడు మేక తెచ్చి ముందర పెడతాడు. వంట మొదలవుతుంది. ఇక్కడ మాత్రం నువ్వు పెడితే నేను పెడతానని ఒకరు, వాళ్ళు పెడితే నేను ఇస్తానని ఒకరు. పొయ్యి మీద గంజు లేదు, విస్తర్లు మాత్రం వేశారు. ఇంత పెద్ద పనికి ఇట్లాగే ఉంటుందేమో, నాకు తెలియదు. తెలియదనే చెప్తున్నాను.

చివరికి అడిగేవాళ్ళు అడగండి అన్నారు. వినడానికి వచ్చిన మనిషి నోరు విప్పకూడదు. నేను విప్పాను. లేచి నిలబడ్డాను.

"బిడ్డా, మా చెల్లె రొట్టెల షాపు ముంగట రాయి పాతిండ్రు. షాపు పోతదా?"

"అది సర్వే గుర్తమ్మా. షాపు పోతుందని ఇప్పుడే చెప్పలేం."

"అయితె ఉంటది."

"ఉంటుందని కూడా చెప్పలేం."

"ఎన్నడు చెప్తరు?"

"నాకే తెలిస్తే చెప్పేదాన్నమ్మా," అంది. అబద్ధం చెప్పే ముఖం కాదు.

సాయంత్రం షాపు దగ్గర

బాలమణి పెనం దించింది. రాములు ఆటో ఆపాడు. యాకూబ్ భాయ్ స్టౌ తగ్గించి వచ్చాడు. నేను మొదటినుంచి చివరిదాకా చెప్పాను, పూల స్తంభాలతో సహా. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

"చెప్పిన గద, రాదు!" అన్నాడు రాములు. "కేంద్రం ఊ అనలేదన్నది."

"అరే, రాష్ట్రం ఊ అన్నదన్నది కద! సగం వచ్చినట్టే," అన్నాడు యాకూబ్ భాయ్.

"సగం రైలు ఎట్ల వస్తది భాయ్? ఇంజను వచ్చి డబ్బాలు ఆగుతయా?"

బాలమణి నా వైపు చూసింది. "అక్కా, అవన్ని సరే. నేను సేటుకు ఏం చెప్పాలె?"

అన్ని మాటలు మోసుకొచ్చినదాన్ని, దానికి కావలసిన ఒక్క మాట తేలేకపోయాను. నా పని నేను సరిగా చేసినా వట్టి చేతులతో వచ్చినట్టనిపించడం అదే మొదలు.

అప్పుడే ఎవరో ఆడమనిషి షాపు ముందు ఆగి, చెప్పులు విడిచి, రాయి మీద ఒక నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకుని పోయింది. మేం నలుగురం చూస్తూ ఉండిపోయాం.

"ఏం జేసినవే అక్కా?" అంది బాలమణి.

"పసుపు పెట్టిన. నిమ్మకాయ నాది కాదు."

శుక్రవారం, మియాపూర్ నుంచి మెట్రో

బాలమణి అంది, "చెప్పెటోళ్ళను విన్నం. ఇగ చూసొద్దాం పా. స్టేషన్ కింద ఎవలన్న అమ్ముకుంటున్నరో లేదో." మధ్యాహ్నం షాపు మూసింది. దాని కాపురంలో ఒక శుక్రవారం పెనం చల్లారడం నేను చూడడం అదే మొదటిసారి. రాములు మియాపూర్ దాకా ఆటోలో దింపి, స్టేషన్ వైపు చూడనుకూడా చూడకుండా తిరిగిపోయాడు.

స్టేషన్‌లో సంచిని ఒక మెషీన్‌లో వేయమన్నారు. అందులో మా రొట్టెల మూట ఉంది.

"చెప్పుల సంచులు పోయే దాంట్ల తినేదాన్ని ఎట్ల ఏస్తరు?" అని బాలమణి పట్టు పట్టింది. వెనక జనం ఆగిపోయారు. కాపలా అమ్మాయి బతిమిలాడి వేయించింది. టీవీలో గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి కనిపించాయి.

"ఏందమ్మా గివి?"

"జొన్నరొట్టెలు."

"ఇంత గట్టిగ కొట్లాడితె ఏముందో అనుకున్న," అని ఆ అమ్మాయి నవ్వింది. బాలమణి అక్కడికక్కడే మూట విప్పి దానికి ఒక రొట్టె ఇచ్చింది. డ్యూటీలో తినొద్దంటూనే జేబురుమాలులో చుట్టుకుంది.

రైలు చల్లగా ఉంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మా ఖేడ్ బస్సులో ఎక్కిన అరగంటకు పక్కవాళ్ళ ఆడబిడ్డ పేరు కూడా తెలుస్తుంది. ఇక్కడ అందరూ ఫోన్లలోకి వంగి ఉన్నారు. నేను కిటికీలోంచి చూశాను. ఊరంతా కింద ఉంది. మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన లంగాలు, ఎండబెట్టిన వడియాలు, విరిగిన కుర్చీలు. ముందు వాకిట్లో కనపడకుండా దాచుకున్నదంతా పైనుంచి కనిపిస్తుంది. పట్నం ఇంత పేదదా, ఇంత గొప్పదా, అది కూడా తేల్చుకోలేకపోయాను.

మధ్యలో ఒక స్టేషన్‌లో దిగాం. నడిచే మెట్లు చూసి బాలమణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కిందికి వచ్చాక స్తంభం నీడలో ఒకామె ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతోంది. మాట విని, "జహీరాబాద్ దిక్కోళ్ళా మీరు?" అంది. ఆమెది అటువైపే, పేరు పద్మ. మా రొట్టె ఇచ్చాం, ఆమె పల్లీలు ఇచ్చింది. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం.

"గిది కట్టంగ నువ్వు ఈడనే ఉన్నవా?" అని బాలమణి అడిగింది.

"ఈడనే. అప్పుడు రోడ్డుకు రేకులు అడ్డం కట్టిండ్రు. ఒకటే దుమ్ము. మనిషన్నోడు ఆగకపోతుండె. మా ఆయన ఊరికి పోదామన్నడు. నేను పోలే. అటు జరిగిన, ఇటు జరిగిన. మెట్లేమో ఆ దిక్కు దిగినయి, నేనేమో ఈ దిక్కు ఉన్న. మళ్ళ జరిగిన."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నీడ ఉంది. వాన పడ్డా తడువ. పొద్దుగాల ఉరుకుతరు, ఎవలు ఆగరు. మాపటికి ఆగుతరు."

"అయితె మంచిగైనట్టా, చెడ్డగైనట్టా?"

పద్మ రొట్టె నమలడం ఆపింది. తలెత్తి పైన పోతున్న రైలు చప్పుడు పోయేదాకా చూసింది.

"గదే నాకూ సమజ్ కాదు అక్కా. గింతవరకు ఎవలూ అడగలే," అంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో బాలమణి పల్లీల పొట్టు చీర కొంగులో కట్టుకుని కూర్చుంది, రైలు ఖరాబు చేయొద్దని.

శనివారం, రాయి దగ్గర

శుక్రవారం మేం లేనప్పుడు రాయికి చాలా జరిగింది. రెండు కొబ్బరికాయలు కొట్టారు. గాజులు పెట్టారు. వేపమండ కట్టారు. ఎవరో ఎర్రటి రవికె గుడ్డ చుట్టారు. రొట్టె తినడానికొచ్చిన కూలీ ఒకతను బెంచీ మీద కూర్చోకుండా, "మాతాజీ కే సామ్నే?" అని, అమ్మవారి ముందు బెంచీయా అన్నట్టు కిందే కూర్చున్నాడు. మొక్కడానికి వచ్చిన ఆడవాళ్ళు మొక్కి, రొట్టెలు కూడా కట్టించుకుని పోయారు. గిరాకి ఎక్కువై బాలమణి చేతులు ఆగలేదు. నన్ను తిట్టడానికి కూడా దానికి తీరిక లేదు.

సరిగ్గా అప్పుడు సర్వే ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, నెత్తిన టోపీ, భుజాన మూడు కాళ్ళ సామాను. రాయిని చూసి నిలబడిపోయాడు.

"ఎవరు చేసిండ్రు గిది?"

"పసుపు నేనే పెట్టిన. కొబ్బరికాయలు, గుడ్డ నావి కావు," అన్నాను.

"మీద నంబరుండె. ఏది?"

"పసుపు కింద ఉంటది. కడుక్కో."

ఆయన వంగాడు. వెనకనుంచి ఒకామె, "ఓ సారూ, చెప్పులిడువు!" అంది. ఆయన చెప్పులు విడిచాడు. చెయ్యి చాపాడు. మొక్కడానికి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకెందుకు తల్లీ, నాకూ పిల్లలున్నరు," అన్నాడు.

దూరంగా పోయి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడాడు. తర్వాత సామాను నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలిచి, పది అడుగుల అవతల కొత్త రాయి పాతించాడు. అది సరిగ్గా యాకూబ్ భాయ్ హోటల్ ముందర.

"అంటే రైలు అటు జరిగినట్టా?" అని అడిగాను.

"రాయి జరిగితె రైలు జరుగదమ్మా. నాకు చూసుకునేతందుకు ఒక గుర్తు కావాలె, గంతే."

"మరి మెట్లు ఎక్కడ దిగుతయి?"

"నన్నడుగుతవేంది? నేను కొలిచేటోన్ని. గీసేటోళ్ళు వేరు, పైసలిచ్చేటోళ్ళు వేరు," అని, బెంచీ మీద కూర్చుని రెండు రొట్టెలు తిన్నాడు. ఎల్లిపాయ కారం మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. పోతూ పోతూ, ఎవరూ చూడడం లేదనుకుని, పాత రాయికి దండం పెట్టాడు. నేను చూశాను.

మూడు రోజులు మెట్రో, మెట్రో అన్న యాకూబ్ భాయ్ కొత్త రాయి చుట్టూ రెండు సార్లు తిరిగాడు. స్టౌ దగ్గరికి పోయి చాయ్ చేశాడు. చక్కెర మరిచాడు. గిరాకి అరిస్తే మళ్ళీ వేశాడు.

"ఏంది భాయ్, పరేషాన్ అయినవ్?" అన్నాడు రాములు. "రైలు సీదా నీ హోటల్లకే వస్తదంటివి. వచ్చింది!"

"హోటల్లకు రావాలన్న. హోటల్ మీదికి రావాలన్ననా?"

కాసేపటికి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, జర గా పసుపు డబ్బా ఇటు తెస్తవా?"

"నువ్వు పెట్టిస్తవా భాయ్?"

"పెట్టేది నువ్వు. నేను అటు తిరిగి పాలు కాగబెడుతుంట. నాకేం తెల్వదు."

అతను నిజంగానే అటు తిరిగి పాలు కాగబెట్టాడు. నేను పెట్టాను. అయ్యాక కాగితం కప్పులో కాదు, ఇంట్లో వాడే స్టీలు గ్లాసులో నిండా చాయ్ ఇచ్చాడు. ఆ చాయ్‌కి పైసలు తీసుకోలేదు.

ఆదివారం

నేను లేచేసరికి బాలమణి లేచి ఉంది. వాకిలి ఊడ్చింది, నీళ్ళు చల్లింది. ఏం చేసినవే అక్కా అని నన్ను నిలదీసిన మనిషి, తానే రాయిని కడిగి పసుపు రాసింది. పెనం మీద మొదటి రొట్టె తీసి దాని ముందు పెట్టింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం మొక్కినవే?" అని అడిగాను. "రైలు రావాల్నని మొక్కినవా, రావొద్దనా?"

"ఏం మొక్కాల్నో తెల్వకనే మొక్కిన," అంది.

సేటు వచ్చాడు. మంచివాడే, తొందర ఉన్నవాడు. "ఏమంటవ్ బాలమణీ? రూము నీకియ్యాల్నా, బిర్యానాయనకా?"

రాములు ఆటో తుడవడం ఆపాడు.

"ఆయనకే ఇయ్యి సేటు. నేను రాను."

"సోచాయించుకో. రేపు షాపు కూలగొట్టినంక నా దగ్గరికి రావొద్దు మళ్ళ."

"రాను."

సేటు మూడు రొట్టెలు కట్టించుకుని పోయాడు. ఎండెక్కేలోపే గల్లీ మొదట్లో బిర్యానీ బ్యానరు కట్టారు.

"ఎందుకట్ల జేసినవే?" అన్నాను.

బాలమణి పిండి కలుపుతూ చెప్పింది. "గల్లీలకు పోతే గిరాకి పోవుడు ఖాయం. లారోడు దిగి గల్లీలకు రాడు. ఈడ ఉంటే పోతదో, ఉంటదో. గా పద్మ అటు జరిగింది, ఇటు జరిగింది, రోడ్డు మాత్రం ఇడువలే. ఖాయంగ పోయేదానికంటె తెల్వనిదే నయం కద అక్కా."

"రేపు నిజంగనే వస్తే?"

"వస్తే జరుగుత. రాయి జరిగింది, నేను జరుగనా?"

అది ధైర్యమో మొండితనమో నాకు తెలియలేదు. అడిగితే దానికీ తెలియదని చెప్పేదేమో. టప టప టప, రొట్టె కొట్టడం మొదలుపెట్టింది.

మళ్ళీ ఖేడ్

బస్సు దిగగానే మా ఆయన యాదయ్య ఎదురొచ్చాడు. రైలు సంగతి కాదు అడిగింది.

"నా కార్డేది?"

ఇంటి ముందు మా అత్త, ఇరుగుపొరుగువాళ్ళు చేరారు. నేను మొదలుపెట్టాను. కండక్టరమ్మ, మిర్చిబజ్జీ, చుక్కల గీతలు, డీపీఆర్, కేంద్రం, లోను, ఉంటుందని కూడా చెప్పలేం, నడిచే మెట్లు, పద్మ, రెండో రాయి. కలపలేదు, తీయలేదు. మధ్యలో ఒకరు, అయితే రైలు వస్తుందా అన్నారు. ఒకరు, అయితే షాపు పోతుందా అన్నారు. నేను నాకు చెప్పిందే మళ్ళీ చెప్పాను. వాళ్ళ ముఖాల్లో నా ముఖమే కనిపించింది.

మా అత్త అన్నీ విని, తమలపాకు దవడన పెట్టుకుంది.

"గవన్ని సరే గాని, పిల్లా, రొట్టెలు పోతున్నయా?"

అంత దూరం పోయివచ్చాక, ఎవరూ అడ్డు చెప్పలేని జవాబు ఇవ్వగలిగిన ప్రశ్న అది ఒక్కటే.

"పోతున్నయి అత్తా," అన్నాను. "నేను బస్సెక్కేటాలకు పిండి అయిపోయింది."